గిన్నె మీద పేరు



మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. పెళ్ళికో, గృహప్రవేశానికో చదివించడానికి స్టీలు గిన్నె కొంటాం. బిందె కొంటాం. కొన్న అంగట్లోనే దాని మీద పేరు కొట్టిస్తాం. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు. అంతా ఆ చిన్న జాగాలోనే. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గిన్నె ఏ పక్కింట్లోనో తేలుతుంది. పాయసం పోసి పంపిన గిన్నె, తిరిగి రావడం మరిచిపోయిన గిన్నె. తిప్పి చూస్తే చాలు. ఇది ఫలానా వాళ్ళదని తెలిసిపోతుంది.

ఈ రోజు నేను చెప్పబోయేది యుద్ధం గురించి. యుద్ధంలో పోయినవాళ్ళను పూడ్చిన ఒక ఖబరస్తాన్ గురించి. గిన్నె మీద పేరుతో ఎందుకు మొదలుపెట్టానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను కువైట్‌లో పదకొండేళ్ళు ఉన్నాను. 2001లో పోయి 2012లో తిరిగొచ్చాను. ఒక ఇంట్లో డ్రైవరు పని. మన కడప, రాజంపేట, రాయచోటి వైపు ఏ వీధిలో చూసినా ఆ పని చేసి వచ్చినవాళ్ళు ఉంటారు. ఆ పక్క కోనసీమలోనూ అంతే. కాబట్టి ఆ బతుకు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను పనిచేసిన ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆమెను అందరం మామా అని పిలిచేవాళ్ళం. అక్కడ మామా అంటే అమ్మ. ముందుగదిలో ఒక పడుచు కుర్రవాడి ఫోటో ఉండేది. మీసాలు అప్పుడప్పుడే ముదురుతున్న వయసు. ఎవరని నేను అడగలేదు. ఇంటి పనివాడు అడగాల్సిన మాట కాదది. ఒక రోజు ఆమే చెప్పింది. నా తమ్ముడు, తీసుకుపోయారు, అంది. చనిపోయాడు అనలేదు. తీసుకుపోయారు అంది. అప్పటికి పదేళ్ళు దాటింది.

ఆ పదేళ్ళ వెనక కథ మీలో చాలామందికి కొంత తెలుసు. 1990 ఆగస్టు 2. తెల్లవారకముందే ఇరాక్ సైన్యం కువైట్ సరిహద్దు దాటింది. సద్దాం హుసేన్ పంపిన టాంకులు అవి. కువైట్ చాలా చిన్న దేశం. మన ఉమ్మడి కడప జిల్లా కంటే కొంచెం పెద్దది, అంతే. దాని సైన్యమూ చిన్నదే. పైగా ఎండాకాలం, చాలామంది సెలవుల్లో ఉన్నారు.

అయినా ఆ రోజు ఎదురు నిలిచినవాళ్ళు ఉన్నారు. జహ్రా అనే ఊరు ఉంది, నగరానికి పడమట. అక్కడివాళ్ళకు బాగా తెలిసిన పేరు. ఆ జహ్రా దగ్గర పెద్ద రోడ్లు కలిసే చోట వంతెనలున్నాయి. కువైట్ 35వ బ్రిగేడ్ అక్కడ తన టాంకులు నిలిపింది. రోడ్డు మీద బారుగా వస్తున్న ఇరాక్ సైన్యం మీద కాల్పులు జరిపింది. దాన్ని వంతెనల పోరు అంటారు. గుళ్ళు అయిపోయేదాకా కొట్లాడారు. అయిపోయాక సౌదీ సరిహద్దు వైపు తప్పుకున్నారు. అదే బ్రిగేడు ఏడు నెలలకు, 1991 ఫిబ్రవరిలో, తిరిగొచ్చింది. ఈసారి దాని పేరు షహీద్ బ్రిగేడ్. అమరుల బ్రిగేడ్ అన్నమాట.

అదే రోజు, నగరంలో దస్మాన్ రాజభవనం దగ్గర షేక్ ఫహద్ అల్ అహ్మద్ చనిపోయారు. ఆయన అమీరు తమ్ముడు. ఆసియా ఒలింపిక్ మండలికి మొదటి అధ్యక్షుడు. 1982లో మన ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడే ఆ మండలి పుట్టింది. 

మన వాళ్ళ సంగతి వేరే చెప్పాలి. అప్పుడు కువైట్‌లో లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. వాళ్ళు ఎడారి దాటారు. బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడ గుడారాల్లో ఉన్నారు. ఎయిర్ ఇండియా విమానాలు దాదాపు రెండు నెలల పాటు వాళ్ళను బొంబాయికి చేర్చాయి. చేతిలో పాస్‌పోర్టు లేకుండా వచ్చినవాళ్ళు ఎంతమందో. పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఉండిపోయాయి, యజమానులు ఎటు పోయారో తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

కువైట్ ఏడు నెలలు ఆక్రమణలో ఉంది. 1991 జనవరి 17న అమెరికా, దాని మిత్రదేశాలు విమానదాడులు మొదలుపెట్టాయి. ఫిబ్రవరి 24న భూమి మీద యుద్ధం మొదలైంది. వంద గంటల్లో ముగిసింది. ఫిబ్రవరి 26 అక్కడ విముక్తి దినం. ఆరువందలకు పైగా చమురు బావులు మండుతూ ఉండిపోయాయి. ఆఖరి బావిని ఆర్పేసరికి నవంబరు వచ్చింది.

ఆ ఏడు నెలలూ లోపల ఉండి పోరాడినవాళ్ళు ఉన్నారు. ఖురైన్ అనే పేటలో ఒక ఇల్లుంది. మామాను వాళ్ళ చుట్టాల ఇంటికి దింపడానికి ఆ దారిన చాలాసార్లు పోయాను. భూమి మీద యుద్ధం మొదలైన రోజే, ఫిబ్రవరి 24న, ఆ ఇంట్లో పందొమ్మిది మంది ప్రతిఘటన దళం వాళ్ళున్నారు. ఇరాక్ సైనికులు ఇల్లు చుట్టుముట్టారు. గంటల తరబడి కాల్పులు. టాంకు తెచ్చి గోడలు పేల్చారు. పన్నెండు మంది పోయారు. కొందరు అక్కడే, కొందరు పట్టుబడ్డాక. ఇంకో రెండు రోజులు గడిచి ఉంటే వాళ్ళు విడుదలైన నగరంలో తిరిగేవాళ్ళు. ఆ ఇంటిని కూల్చలేదు. పూత కూడా వేయలేదు. గోడల్లో బొక్కలు బొక్కల్లాగే ఉన్నాయి. దాన్నే మ్యూజియం చేశారు.

ఇక మామా తమ్ముడి లాంటి వాళ్ళు. ఇళ్ళల్లో, వీధుల్లో పట్టుకుని ఇరాక్‌కు తీసుకుపోయారు వాళ్ళను. యుద్ధం అయ్యాక వేలమంది తిరిగొచ్చారు. కొందరు రాలేదు. రానివాళ్ళు ఆరువందల ఐదుగురు అని కువైట్ లెక్క తేల్చింది. ఆరువందల ఐదు. సుమారుగా ఆరువందలు అనలేదు. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. ఆ ఫైల్లో పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఫోటో, ఎక్కడ పట్టుకున్నారు, ఎవరు చూశారు. వాళ్ళల్లో కువైటీలే కాదు, ఇతర దేశాల వాళ్ళు కూడా ఉన్నారు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కూర్చోబెట్టిన సంఘం ముందు, ఐక్యరాజ్యసమితి ముందు ఆ ఫైళ్ళు ఏళ్ళ తరబడి తెరిచి ఉంచారు.

పన్నెండేళ్ళు ఏమీ తెలియలేదు. 2003లో సద్దాం ప్రభుత్వం పడిపోయింది. అప్పుడు ఇరాక్‌లో, దక్షిణాన సమావా వైపు ఎడారిలో, సామూహిక సమాధులు బయటపడ్డాయి. బయటపడ్డవి మనుషులు కారు. ఎముకలు. ఒకరివి ఒకరితో కలిసిపోయిన ఎముకలు.

ఇప్పుడు ఆలోచించండి. ఎముక మీద పేరు ఉండదు. ఎవరిదని చెప్పడం ఎట్లా?

మన ఇంట్లో బిడ్డ పుడితే జేజి ఏం చేస్తుంది? దీపం దగ్గర పెట్టి మొహం చూస్తుంది. ముక్కు నాయనది, నొసలు మేనమామది, చెవులు మాత్రం నావే, అంటుంది. సగం అమ్మ నుంచి, సగం నాయన నుంచి. జేజి కంటితో చూసే ఆ పోలికనే డాక్టర్లు ఎముక లోపల చూస్తారు. దాన్నే డీఎన్ఏ అంటారు. మనిషి పోయినా, మాంసం పోయినా, ఎముకలో, పంటిలో ఆ పోలిక చాలా ఏళ్ళు దాగి ఉంటుంది. అయితే పోలిక ఒక్కటే చాలదు. ఎవరితో పోల్చాలి? అమ్మతో పోల్చాలి. నాయనతో, తోబుట్టువులతో పోల్చాలి. అందుకే కువైట్‌లో ఆ ఇళ్ళవాళ్ళ నమూనాలు తీసి పెట్టుకున్నారు. ఫైలు ఉంది, నమూనా ఉంది. ఎముక దొరికిన రోజున కలిపి చూశారు. ఫైలు లేని మనిషి ఎముక దొరికితే? అది ఎముకగానే మిగిలిపోతుంది.

మామా తమ్ముడు 2004లో తిరిగొచ్చాడు. తిరిగొచ్చాడనే అంటాను నేను. ఆమె కూడా అట్లాగే అంది.

సులైబిఖాత్ ఖబరస్తాన్ నగరానికి పడమట, జహ్రా పోయే వైపు ఉంటుంది. అమరులకు అందులో వేరే చోటు ఉంది. అక్కడ పాలరాతి గుమ్మటాలు ఉంటాయని అనుకునేరు. ఉండవు. ఇసుక. వరసలు. వరసలో చిన్న గుర్తు రాళ్ళు. ఎండకు రాళ్ళు కూడా తెల్లబోతాయి. రాజుగారి చుట్టమైనా, పోలీసైనా, అంగడి నడిపినవాడైనా నేల ఒకే ఎత్తు. జెండా కప్పి తెచ్చారు ఆ కుర్రవాణ్ణి. పద్నాలుగేళ్ళ కిందటి కుర్రవాడు. నేను కారు దగ్గరే నిలబడ్డాను. అందరూ వెళ్ళాక మామా ఒక సీసాలో తెచ్చిన నీళ్ళు ఆ మట్టి మీద పోసింది. వంగి ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ఒక్క మాటే. తమ్ముడి పేరు. మూడుసార్లు పిలిచింది.

కారులో తిరిగొస్తూ ఆమె ఏడవలేదు. ఇప్పుడు తేదీ తెలిసింది, అంది. ఆ మాట నాకు వెంటనే తగిలింది. ఎందుకంటే మన ఇళ్ళల్లో కూడా ఇదే బాధ. మనిషి పోతే తిథి చూసి తద్దినం పెడతాం. ముస్లిముల ఇళ్ళల్లో ఆ తేదీకి ఫాతిహా చదివిస్తారు. క్రైస్తవులు సమాధి దగ్గర కొవ్వొత్తి పెడతారు. ఎప్పుడు పోయాడో తెలియకపోతే ఏ తిథికి పెట్టాలి? అట్లాంటివాళ్ళ కోసమే పెద్దల అమావాస్య ఉంది. మా ఊళ్ళో ఒకావిడ ఏటా పెద్దల అమావాస్యకు పెనిమిటి పేరు చెప్పి ఆకు వేస్తుంది. పక్కనే, ఒకవేళ బతికే ఉన్నాడేమోనని నుదుట బొట్టు కూడా ఉంచుకుంటుంది. గల్ఫుకు పోయి జాడ తెలియని మనిషి ఆయన.

సులైబిఖాత్‌కు తర్వాత కూడా చాలామంది వచ్చారు. 2019లో ఉపగ్రహ చిత్రాల సాయంతో సమావా దగ్గరే ఇంకో సమాధి దొరికింది. వాళ్ళల్లో కొందరి పేర్లు 2020, 2021 దాకా తేలుతూనే వచ్చాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత. అయినా ఆరువందల ఐదుగురిలో మూడువందల మందికి పైగా ఇంకా తేలలేదు. వాళ్ళ ఫైళ్ళు మూయలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు పోతాను. పోక తప్పదు. ఎందుకంటే కువైట్ సరిహద్దు దాటి పైకి పోతే బస్రా వస్తుంది. అక్కడ మన వాళ్ళ కథ ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం. 1914 నవంబరులో బ్రిటిషువాళ్ళు భారత సైన్యాన్ని ఓడల్లో ఎక్కించి అక్కడ దింపారు. టర్కీ సుల్తానుతో యుద్ధం. అదే నెల మొదట్లో కువైట్ షేక్ ముబారక్‌కు రక్షణ మాట ఇచ్చి, ఆ పోరులో తమ పక్కన నిలబెట్టుకున్నారు. నాలుగేళ్ళు సాగింది ఆ దండయాత్ర. కూత్ అనే ఊళ్ళో మన సిపాయిలు దాదాపు ఐదు నెలలు ముట్టడిలో ఆకలితో మాడారు. చివరికి గుర్రాలను కోసుకుని తిన్నారు. 1916 ఏప్రిల్‌లో లొంగిపోయారు. మద్రాసు సాపర్స్ అని ఒక దళం ఉంది. వంతెనలు కట్టేవాళ్ళు, దారులు వేసేవాళ్ళు. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉండేవారు. వాళ్ళూ అక్కడి టైగ్రిస్ నది మీద పనిచేశారు. మన పశ్చిమ గోదావరిలో మాధవరం అని ఒక ఊరుంది. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపి పంపి, మిలటరీ మాధవరం అనే పేరు తెచ్చుకున్న ఊరు.

ఆ దండయాత్రలో పోయి సమాధి కూడా దొరకనివాళ్ళ కోసం బస్రాలో పెద్ద స్మారకం కట్టారు. 1929లో తెరిచారు. నలభై వేలమందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. బ్రిటిషు సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు. మన వాళ్ళల్లో ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయి దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు చెక్కి, ఇంతమంది సిపాయిలు అని అంకె వేశారు. అంతే. అంకె.

మీ ఇంటి నుంచి నలభై గిన్నెలు పోయాయనుకోండి. ఇరవై గిన్నెల మీద పేర్లుంటాయి. మిగతా వాటికి ఒక చీటీ, స్టీలు సామాను ఇరవై అని. ఏ గిన్నె ఎవరిదో తెలిసేది ఎట్లా?

వంద ఏళ్ళ తర్వాత, 2021లో, ఆ స్మారకాలను చూసే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తప్పు ఒప్పుకుంది. నలభై ఐదు వేల నుంచి యాభై నాలుగు వేల మందిని, ఎక్కువగా ఆసియా, ఆఫ్రికా వాళ్ళను, తెల్లవాళ్ళతో సమానంగా స్మరించలేదని వాళ్ళ నివేదికలోనే రాసింది. క్షమాపణ చెప్పింది. ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఎందుకంటే ఆ సిపాయికీ ఒక జేజి ఉండేది. ఆమె దీపం దగ్గర పెట్టి మొహం చూసి, ముక్కు ఎవరిదో చెప్పే ఉంటుంది.

పక్కపక్కనే ఉన్న రెండు నేలలు. ఒక చోట ఆరువందల ఐదు పేర్లు, ఒక్కటి తప్పినా ఊరుకోలేదు. ఇంకో చోట వేలకు వేలు అంకెలు.

సరే. ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మీ ఇంట్లో ఎవరైనా గల్ఫులో ఉన్నారా? కువైట్‌లో, సౌదీలో, దుబాయిలో, ఖతర్‌లో? ఉంటే ఈ మాట మీకోసమే. యుద్ధం రావాలని లేదు. 2024 జూన్ 12న కువైట్‌లో, మాంగఫ్‌లో, కూలివాళ్ళు ఉండే ఒక భవనానికి నిప్పంటుకుంది. నలభై ఐదు మందికి తగ్గకుండా భారతీయులు పోయారు. మన రాష్ట్రం వాళ్ళు ముగ్గురు. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

నేను అడిగేది ఒక్కటే పని. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. అందులో మూడు సంగతులు రాయండి. పేరు. చోటు. ఒంటి గుర్తు. మళ్ళీ చెప్తున్నాను. పేరు, చోటు, ఒంటి గుర్తు.

పేరు అంటే ఒకటే కదా అనుకుంటాం. కాదు. మన మనిషికి మూడు పేర్లుంటాయి. ఇంట్లో చిన్నోడు. బడిలో, రేషన్ కార్డులో వెంకటసుబ్బయ్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి పోయి, వెంకట వేరుపడి, సుబ్బయ్య ముందుకొచ్చి ఉంటుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువో తక్కువో. ఆపద వచ్చినప్పుడు మీరు ఫోన్లో చిన్నోడు అంటారు. అక్కడ రాయబార కార్యాలయంలో లిస్టులో చిన్నోడు ఉండడు. కాబట్టి పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లాగే, అక్షరం తప్పకుండా రాయండి. పక్కనే పాస్‌పోర్టు నంబరు రాయండి. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, దాని నంబరు రాయండి. ఆ మొదటి పేజీ జిరాక్సు తీసి బుక్కులో అంటించండి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినా, కాలిపోయినా, నంబరు మీ ఇంట్లో ఉంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. 1990లో ఆ ఎడారి దాటినవాళ్ళల్లో చాలామందికి లేనిది ఇదే.

రెండోది చోటు. కువైట్‌లో ఉంటాడు అంటే చాలదు. ఏ పేట? ఫర్వానియానా, సాల్మియానా, జహ్రానా? బ్లాక్ నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. కఫీల్, అంటే అక్కడి యజమాని పేరు, ఫోను. అన్నిటికంటే ముఖ్యం, అక్కడే దగ్గర్లో ఉండే మన ఊరి మనిషి ఒకరి ఫోను. ఇల్లు మారినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాయండి. చెరిపేయొద్దు, కొట్టేయండి. పాతదీ కనిపించాలి.

మూడోది ఒంటి గుర్తు. ఇది రాయడానికి మన ఆడవాళ్ళు భయపడతారు. అపశకునం అంటారు. ఆ భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా వద్దంది. కానీ గొర్రెల కాపరి గొర్రెకు గుర్తు వేసేది అది తప్పిపోవాలని కాదు కదా. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడితే చెయ్యి విరిగిందా, ఏ చెయ్యి? పచ్చబొట్టు ఉందా? పన్ను కట్టించాడా? ఆపరేషను మచ్చ ఎటు పక్క? రాయండి. అమ్మకు గుర్తున్నంత డాక్టరుకు కూడా గుర్తుండదు. కానీ అమ్మ ఎల్లకాలం ఉండదు కాబట్టి రాయండి.

పేరు, చోటు, ఒంటి గుర్తు. బుక్కు బీరువాలో తాళం వేసి దాచొద్దు. ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. ఇంకో కాపీ చెల్లెలి ఇంట్లో ఇవ్వండి.

మా ఇంట్లో ఆ బుక్కు 2004లో మొదలైంది. సులైబిఖాత్ నుంచి వచ్చిన ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. ఫోను కార్డు అయిపోయేదాకా చెప్తూ పోయాను. మా ఆవిడ ఆ పక్క రాసుకుంది. పాస్‌పోర్టులో పేరు రాసుకుంది. బ్లాక్ నంబరు రాసుకుంది. ఎడమ మోకాలి మీద మచ్చ నేను చెప్పకముందే రాసుకుంది. అంతా అయ్యాక అడిగింది, అక్కడ నిన్ను ఏమని పిలుస్తారు, అని. నేను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఇంట్లో వాళ్ళకు నా పేరు నోరు తిరగలేదు. వచ్చిన మొదటివారంలోనే కుమార్ అని పెట్టుకున్నారు. పిల్లలూ అదే, మామా కూడా అదే. వీధిలో నన్ను తెలిసినవాళ్ళందరికీ నేను కుమార్‌నే.

ఆ పేరు చెప్పాను. మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది. అది కూడా రాసిపెట్టుకుంటున్నా, అంది.